పేరు చెప్పని సోదరి చీటీలు

దావీదురాజూ,

నువ్వు నా కూతుర్ని నాకు కాకుండా చేశావు. అదీ చాటుగా కాదు. మైకు పట్టుకుని, దేవుడి పేరు చెప్పి, సంఘమంతా వింటుండగా చేశావు.

పేరు పెట్టి రాశానని ఉలిక్కిపడకు. నలభై ఏడేళ్లుగా అన్నా అనే పిలిచాను. ఈ ఉత్తరం చివరికొచ్చేలోగా మళ్లీ అంటానో లేదో నాకే తెలీదు. ప్రభువు నామంలో వందనాలు. ఆ తర్వాత 'ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను' అని రాయడం అమ్మ నేర్పిన పద్ధతి. అబద్ధంతో మొదలుపెట్టలేను కాబట్టి ఆ వాక్యం వదిలేస్తున్నాను. ఎవరు క్షేమమో ఎవరు కాదో వరసగా చెప్తాను, విను.

ఫోన్ ఎత్తడం లేదని బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపావు నీ ఉత్తరం. అందింది. ఎందుకు ఎత్తలేదో చెప్తాను. ఫోన్‌లో నీతో వాదించడం ఎవరివల్లా కాదు. నేను రెండు మాటలు గట్టిగా అనేసరికి నువ్వు కళ్లు మూసుకుని 'ప్రేమగల తండ్రీ' అని ప్రార్థన మొదలుపెడతావు. దేవుడితో మాట్లాడే మనిషికి అడ్డం పోకూడదు కదా! అట్లా ఎన్ని వాదనలు గెలిచావో నువ్వు. కాగితం మీద ఆ ఆట సాగదు. చివరిదాకా చదవాల్సిందే.

ముందు నీ ఘనకార్యం గుర్తు చేస్తాను. జూన్ రెండో ఆదివారం మన చర్చిలో స్తుతి కన్ఫర్మేషన్. బిషప్పుగారు తల మీద చెయ్యి పెట్టి, బిడ్డకు మొదటిసారి రొట్టె, ద్రాక్షరసం సంస్కారం ఇచ్చే రోజు. నేను రాలేదు. ఆ మరుసటి ఆదివారం, గుమ్మం పక్కనున్న పెట్టెలో విశ్వాసులు వేసిన ప్రార్థన చీటీలు తీసి సంఘ పెద్దగా ఒక్కొక్కటే చదువుతూ, మధ్యలో నువ్వు సొంతంగా రాసుకొచ్చిన చీటీ చదివావు. నాకు కంఠతా వచ్చు. 'వృత్తి అనే విగ్రహానికి మొక్కుచు, కన్నబిడ్డ కన్ఫర్మేషనుకు సైతము రాని మా చెల్లెలు డాక్టర్ కృపారాణికి ప్రభువు గృహిణి మనసు దయచేయునట్లు ప్రార్థించుదము.' అంతటితో ఆగావా? పదహారేళ్ల పిల్లను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమన్నావు. ఎవరో వీడియో తీసి గ్రూపులో పెట్టారు. రెండు కాన్పుల మధ్య, చేతులు కడుక్కుంటూ చూశాను.

"మా యమ్మ శానా మందికి డాక్టరు. నాకు మాత్రం..." అని పిల్ల ఆగిపోయింది. వెంటనే మీరందరూ "ఆమెన్" అన్నారు.

దేనికి అన్నా ఆమెన్? ఒక బిడ్డ మాట పెగలక నిలబడితే దానికి ఆమెనా? ఆ రోజు నుంచి స్తుతి నాతో మాట్లాడలేదు. కాలేజీ బేతంచెర్లలో కాబట్టి నీ ఇంట్లో ఉంచాను. అంతేగానీ నీకు రాసివ్వలేదు.

ఇప్పుడు నీ ప్రశ్నలకు జవాబులు.

'ఆడదానికి ఇల్లు ముందా, ఉద్యోగం ముందా?' అని అడిగావు. ఇదే ప్రశ్న మీ బావను, అదే నా మొగుణ్ణి, ఎప్పుడైనా అడిగావా? వసంతకుమార్ శ్రీశైలం పవర్ హౌస్‌లో ఇంజనీరు. కృష్ణకు నీళ్లొస్తే పది దినాలు ఇంటి మొహం చూడడు. స్తుతి పుట్టిన రోజున కూడా అతను మిషన్ల దగ్గరే ఉన్నాడు. కన్ఫర్మేషనుకు వచ్చాడు గానీ, సంస్కారం అయీ కాకముందే ఫోనొచ్చిందని జీపెక్కి వెళ్లిపోయాడు. అప్పుడు నువ్వు అందరితో ఏమన్నావో స్తుతే చెప్పింది, మాట్లాడే రోజుల్లో: "పాపం మా బావ, డ్యూటీ అట్లాంటిది." అతనిది డ్యూటీ, నాది విగ్రహారాధన. మిషన్ ఆగితే ఊరికి కరెంటు పోతుంది, నిజమే. కాన్పు గదిలో నేను ఆగితే ఏం పోతుందో నీకు తెలీదా? నీ పాలిషింగ్ ఫ్యాక్టరీలో బండలు మోసే ఆడవాళ్లను అడుగు. వాళ్లలో సగం మంది పిల్లల్ని నేనే బయటికి తీశాను.

'పత్రికల్లో వ్యాసాలు రాసి, ఆడవాళ్ల మీటింగుల్లో ఉపన్యాసాలిచ్చి ఏం సాధించావు?' అన్నది రెండో ప్రశ్న. దానికి జవాబు నాకు మంట పుట్టించేదే. చివర్లో చెప్తాను. మరిచిపోతాననుకోకు.

మూడోది నీ అసలు బాధ. నీ మాటల్లోనే రాస్తున్నాను: 'మీ వదిన కోయిలకుంట్లకు పోయి పన్నెండు దినాలాయ. ఫోను చేస్తే వాళ్ల తమ్ముడు ఎత్తి అక్క చేనికి పోయిందంటాడు. ఇంట్లో సంగటిలోకి ఊరిబిండి లేదు, మజ్జిగ పులిసిపోయె. పాప కాలేజీ మాని వండిపెడతాంది. నీతో మాట్లాడితే తొందరగా రమ్మని చెప్పు.'

పన్నెండు రోజులు! కోయిలకుంట్ల ఏమన్నా చంద్రమండలమా? ఒక్కసారి బస్సెక్కి పోయి నా భార్య ఎట్లుంది అని చూసొచ్చావా? మజ్జిగ పులిసిందని తెలిసింది నీకు.

విశ్వాసమ్మ వదిన కోయిలకుంట్లలో లేదు. నా క్వార్టర్స్‌లో, నా మంచం మీద ఉంది. తొమ్మిది రోజుల కిందట కర్నూలు పెద్దాసుపత్రిలో ఆమెకు గర్భసంచి తీసేశారు. క్యాన్సర్. థియేటర్లో పక్కనే నిలబడి ఉన్నాను. కత్తి పట్టింది మా ప్రొఫెసరమ్మ, చెయ్యి పట్టుకుంది నేను.

కుర్చీ ఉంటే కూర్చో. నీళ్లు తాగు. ఆ నీళ్లు స్తుతిని అడక్కు, నువ్వే ముంచుకో.

ఇక ఆ ఆదివారం సంగతి. తెల్ల చీర కట్టుకున్నాను, స్తుతి ఏరి పెట్టిన వెండి అంచుది. గేటు దాటుతుంటే మా నర్సు శివాని పరుగెత్తుకొచ్చింది. "మేడం, కోయిలకుంట్ల బస్సులో ఒకామె పడిపోయినాదంట. మీ పేరే చెప్తాండాది." వెళ్లి చూస్తే స్ట్రెచ్చరు మీద వదిన. పుట్టింట్లో బాలింతకు సాయానికని మూడు రోజుల ముందే పోయింది కదా. ఆదివారం పొద్దున నేరుగా గుడికొస్తానని నీకు చెప్పి, దారిలో మా ఆసుపత్రి దగ్గర దిగాలనుకుంది. దిగకముందే పడిపోయింది. కట్టుకున్న చీర కింది సగమంతా రక్తం.

"నువ్వు పో కృపా" అంది. "పాప ఎదురుచూస్తాంటాది. గుడి ఐనాక వచ్చి చూడు. అందాకా నేను ఈడ కుచ్చోని ఉంటా."

"కూచునేదానివి స్ట్రెచ్చరు ఎక్కి వస్తివే?" అన్నాను.

"ఆ కండక్టరు ఒట్టి పిరికోడు లే. ఊరికే అరిసినాడు."

రక్తం నాలుగున్నర గ్రాములుంది. అంత తక్కువ రక్తంతో మనిషి నాలుగడుగులు వేయడమే గొప్ప. ఆ ఒంటితోనే ముందురోజు నీకు ఫోన్ చేసి వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో చెప్పిందట, నువ్వు తడుముకోకూడదని. ఆదివారం కాబట్టి ఆసుపత్రిలో ఇంకో డాక్టరు లేరు. రెండు సీసాల రక్తం ఎక్కించి, లోపల శుభ్రం చేసి, ముక్క తీసి పరీక్షకు పంపేసరికి నీ చర్చిలో విందు కూడా ముగిసింది. తెల్ల చీర ఉతికినా పనికిరాలేదు.

కళ్లు తెరిచి ఆమె అడిగిన మొదటి మాట: "మీ అన్నకు చెప్పద్దు. పాపకూ చెప్పద్దు. ఒట్టెయ్యి."

"ఎందుకు వదినా?"

"చెప్తే ప్రార్థన నూనె రాపిస్తాడు. పెద్దలందర్నీ పిల్చుకొస్తాడు. మంచం సుట్టూ నిలబడి యాడమ్మా నొప్పి అంటారు. ఆ మగోళ్ల ముందర యాడని సూపియ్యాల నేను?"

ఒట్టు వేశాను. డాక్టరుగా కూడా నా నోటికి అప్పుడే కుట్టు పడింది. రోగి చెప్పొద్దంటే చెప్పకూడదు, రోగి మొగుడైనా సరే, సంఘ పెద్దైనా సరే. అందుకే ఆ వీడియో చూసి కూడా నేను పలకలేదు. కూతురు ముఖం తిప్పుకున్నా పలకలేదు. వదిన పుట్టింటి పనిలో చిక్కుకుని రాలేదంటే నీకు తప్పు కనబడలేదు. బాలింతకు నీళ్లు పోయడం ఇంటి పని కదా! నీ భార్య ప్రాణం నిలబెట్టే పనిలో చిక్కుకున్న నేను మాత్రం ఇల్లు మరిచినదాన్ని. మూడో రోజుకే ఆమె నీ ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడింది. నా మీద నువ్వు చీటీ చదువుతున్నప్పుడు ఆడవాళ్ల వైపు చాప మీదే కూర్చుని ఉంది.

అప్పటికీ అసలు కోపం రాలేదు నాకు. మొన్న వచ్చింది.

కర్నూలు నుంచి ఆమెను ఇక్కడికి తెచ్చాక సంచిలోంచి తన బైబిలు తీసింది, జిప్పు కవరుది. జిప్పు లాగితే చీటీలు. ఇరవై మూడు. ఒక్కోటి విప్పి చూశాను. క్యాలెండరు కాగితాలు, నీ ఫ్యాక్టరీ బిల్లుల వెనకవైపులు. అన్నింట్లోనూ దాదాపు ఒకటే మాట: 'పేరు చెప్పని ఒక సోదరి శరీర బాధ నిమిత్తము ప్రార్థించండి.' కొన్నింట్లో ఇంకొంచెం ఎక్కువ: 'ఈ నెల బాధ ఎక్కువగా ఉన్నది.' 'సోదరి భయపడుచున్నది.'

గుర్తొచ్చాయా? ఏడాదిన్నర పాటు నెలకు ఒకటో రెండో నువ్వే చదివావు. నీ నోటితో. తరువాత సోమవారం వదిన గుడి ఊడ్చేటప్పుడు వాటిని ఏరుకుని దాచుకుంది.

"నువ్వే రాసి నువ్వే వేసినావా?" అన్నాను.

"మరి ఎవురు రాస్తారు? పది పాసైనా గదా."

"అన్న గుర్తుపట్టలేదా వదినా?"

పొట్ట పట్టుకుని నవ్వింది. "నవ్వియ్యద్దు మే, కుట్లు లాగుతాండాయి. మీ అన్న నా రాత యాడ సూసినాడు? పెండ్లినాడు రిజిస్టర్లో నేను సంతకం పెడతాంటే కూడా ఫోటో తీసేవాని పక్కే సూస్తాండె."

"ఇంట్లోనే చెప్పొచ్చు కదా!"

"ఇంట్లో చెప్తే యాడ వింటాడు? గుళ్లో ఐతే చదవాల గదా. మీ అన్న గొంతు శానా బాగుంటాది కృపా. ఆ గొంతుతో నా మాట చదువుతాంటే సగం నయమైనట్టే ఉంటాండె."

ఏడుపు రాలేదు నాకు. కక్ష పుట్టింది. ముప్పై ఏళ్లు నీతో కాపురం చేసిన మనిషి, నీ చెవిన పడాలంటే నీ నోటిలోంచే పోవాల్సి వచ్చింది. అయినా పడలేదు. ఆమె నీ ఇంట్లో ఏమీ రాయలేదనుకుంటున్నావేమో. వంటింట్లోకి పో. ప్రతి డబ్బా మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. కందిపప్పు, జీలకర్ర, ధనియాలు. ఈ ఉత్తరంతో పాటు ఒక చీటీ పంపుతున్నాను. పక్కన పెట్టి చూడు. 'ధ' కింద గీత, 'ర' పక్కన తోక, రెండింట్లోనూ ఒకటే.

నేనేం చేయాలనుకున్నానో కూడా చెప్తాను. వచ్చే ఆదివారం మన చర్చికొచ్చి, పాస్టరు గాబ్రియేలు అయ్యగారు అడ్డం చెప్పేలోగా మైకు లాక్కుని, ఇరవై మూడు చీటీలూ చదవాలనుకున్నాను. ప్రతి చీటీ తర్వాతా నీ వైపు చూసి ఆమెన్ అనాలనుకున్నాను. బట్టలు కూడా సర్దుకున్నాను. వదినే ఆపింది. "నీ కోపానికి నా కడుపు అడ్డం పెట్టద్దు. నా సంగతి మైకులో వద్దు. కావాలంటే ఉత్తరం రాయి. ఆయప్ప ఒక్కడే చదవాల. పాపకు నా నోటితో నేనే చెప్తా." అందుకని రాస్తున్నాను. ఒట్టు నేను తప్పలేదు, ఆమే విప్పింది. ఇప్పుడు కూడా మంచం మీంచి "ఇంకా ఎంత రాస్తావమ్మా, పుస్తకం అచ్చేస్తావా ఏంది" అంటోంది.

ఇక నీ రెండో ప్రశ్న. వ్యాసాలు రాసి ఏం సాధించావని.

పోయిన క్రిస్మస్ కాదు, అంతకుముందుది. నీ ఇంటి పెరట్లో అరిసెలు వత్తుతూ వదిన నా చెవి దగ్గరికొచ్చి చెప్పింది. "కృపా, నిలిచిపోయి ఆరేండ్లాయ. మళ్లా కనపడతాంది." అప్పుడే నా ఫోన్ మోగింది. కాన్పు గదిలోంచి. చెయ్యి అడ్డం పెట్టి, "ఆసుపత్రికి రా వదినా, చూద్దాం" అని, మాట్లాడుతూ గేటు దాకా వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆమె అరిసెలు డబ్బాలో సర్దుతోంది. నేను మళ్లీ అడగలేదు. మరుసటి రోజు కూడా అడగలేదు. మరిచిపోయాను.

ముట్లు నిలిచిపోయాక రక్తం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దని కరపత్రం రాసింది నేనే. పది పల్లెల్లో పంచాను. సభల్లో చదివాను. చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ మాటే నా వదిన నా చెవిలో చెప్తే వినపడలేదు. ముందు నాకు చెప్పింది, అన్నా. నేను వినకపోతేనే నీ పెట్టెలో వేసింది. మొదటి చీటీ తేదీ ఆ జనవరిదే. ఏడాదిన్నర ముందే చూసి ఉంటే జబ్బు గర్భసంచిలోనే ఉండగా దొరికేది. ఇప్పుడది ఒక అడుగు బయట పెట్టింది. రేడియేషన్, అదే కరెంటు, పెట్టించాలంటున్నారు.

కాబట్టి నీ చీటీలో ఒక్క ముక్క నిజం ఉంది, ఒప్పుకుంటున్నాను. నేను ఇంటి మనిషిని పట్టించుకోలేదు. కానీ నువ్వనుకున్న రోజు కాదు, నువ్వనుకున్న మనిషి కాదు. స్తుతి కన్ఫర్మేషను రోజు నా జీవితంలో నేను సరిగ్గా నిలబడాల్సిన చోట నిలబడ్డ రోజు. తప్పిన రోజు ఆ క్రిస్మస్. దానికి శిక్ష నేను వేసుకుంటున్నాను. మూడు నెలలు సెలవు పెట్టాను, మొదటిసారి. వదిన వంట, మందులు, కట్లు నా వంతు. నీ శిక్ష నువ్వు వేసుకోలేవు, నీకు అలవాటు లేదు. అందుకని నేను వేస్తున్నాను. 'క్షమించుట క్రైస్తవ ధర్మము' అని వాక్యం రాసి పంపకు. క్షమించాలో లేదో మంచం మీదున్న మనిషి ఇష్టం. నేను ఆ పనిలో లేను.

నా డిమాండ్లు కింద ఉన్నాయి. ఏడోది నేను రాయలేదు. వదిన పెన్ను లాక్కుని రాసింది.

1. ఈ ఉత్తరం ఎవరికీ వినిపించకు. అయ్యగారికి కూడా.

2. స్తుతిని రేపు పొద్దున ఇక్కడికొచ్చే మొదటి బస్సు ఎక్కించు. ఏమీ చెప్పకు. అత్త పిలుస్తోందని మాత్రం చెప్పు.

3. ఆదివారం అదే మైకులో, నా గురించి చదివిన చీటీ తప్పని చెప్పు. 'ఆ రోజు నా చెల్లెలు ఒక ప్రాణం నిలబెడుతుండింది' అంటే చాలు. ఎవరి ప్రాణమని అడిగితే 'పేరు చెప్పని ఒక సోదరి' అను.

4. సోమవారం ఇక్కడికి రా. నూనె సీసా తేవద్దు. పెద్దల్ని తేవద్దు. వసారాలో కూర్చో. ఆమె పిలిస్తే లోపలికి రా, పిలవకపోతే సాయంత్రం బస్సుకు పో. మంగళవారం మళ్లీ రా.

5. ఊరిబిండి నూరి తీసుకురా. నువ్వే నూరాలి. వేరేవాళ్లు నూరితే నాకు తెలిసిపోతుంది.

6. కరెంటు పెట్టించడానికి కర్నూలుకు ఇరవై అయిదు సార్లు తీసుకుపోవాలి. ప్రతిసారీ నువ్వే పోవాలి. ఫ్యాక్టరీకి తాళం వేస్తావో, ఎవరికి అప్పజెప్తావో నీ ఇష్టం.

7. శనివారం నా బదులు గుడి నేల నువ్వే తుడవాల. గుడికిచ్చిన గడప బండ మీద నీ పేరు చెక్కిచ్చినావు సూడు, ఆ అక్షరాల సందుల్లో మట్టి ఇరుక్కుంటాది. మోకాళ్ల మీద కుచ్చుంటే గానీ రాదు.

ఇట్లు,
ఇంకా నీ చెల్లెలినే అయిన
కృపారాణి